దగదర్తి రన్‌వే మీద దిగేదెవరు?

పెద్దమ్మ పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక, షామియానా కింద కుర్చీలు దగ్గరికి లాక్కుని కూర్చున్నాం. మాటలు ఎటెటో తిరిగి విమానాల మీదికి వచ్చాయి. మా బావ అన్నాడు: "దగదర్తిలో ఎయిర్‌పోర్ట్ కట్టేస్తే మనకీ తిప్పలు ఉండవబ్బయ్యా. కావలి నుంచి అరగంట దోవ. ఇంక మద్రాసుకు పోయే పనే లేదు."

అక్కడున్న వాళ్ళంతా తలలూపారు. నేనూ ఊపాను గానీ, ఒక ప్రశ్న నోట్లోంచి వచ్చేసింది. "రన్‌వే అయితే వస్తుంది బావా, దాని మీద దిగేదెవరు?"

"ఎవరో ఒకరు దిగుతార్లే" అన్నాడాయన.

ఆ "ఎవరో ఒకరు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. మా నెల్లూరు జిల్లా దగదర్తిలో విమానాశ్రయానికి 2019లో ఒకసారి శంకుస్థాపన జరిగింది, ఆగింది, ఇప్పుడు మళ్ళీ కదులుతోంది. భూములు, రన్‌వే పొడవు, ఎన్ని కోట్లు అనేవి పేపర్లో రోజూ చదువుతున్నాం. ఈ దేశంలో ఎగిరే కంపెనీలు ఎన్ని మిగిలాయన్నది మాత్రం మన మాటల్లోకి రావడం లేదు. విమానాశ్రయం ఎంత ముఖ్యమో, అక్కడ ఒకరితో ఒకరు పోటీపడే కంపెనీలు ఉండటమూ అంతే ముఖ్యమని నా నమ్మకం. కంపెనీలు ఒకదాన్నొకటి కలిపేసుకుంటుంటే "బలపడుతున్నాయి, మంచిదే" అని మనం ఊరుకోకూడదని కూడా.

ఆ రాత్రి టికెట్

పెద్దమ్మ పోయింది సాయంత్రం ఐదింటికి. అన్నయ్య కూతురు ఢిల్లీలో చదువుకుంటోంది. నాయనమ్మ చేతుల మీద పెరిగిన పిల్ల. మర్నాడు మధ్యాహ్నం రెండింటికి తీసుకెళ్ళాలని పెద్దలు నిర్ణయించారు. పొద్దున తొలి విమానం పట్టుకుంటే తొమ్మిదిన్నరకల్లా చెన్నైలో దిగి, కారులో ఒంటిగంటన్నరకు కావలి చేరుకోవచ్చు. టికెట్ తీసే పని నా మీద పడింది.

వరండాలో మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో చూశాను. ఆ ఉదయానికి తొమ్మిది విమానాలు కనిపించాయి. లోగోలు, రంగులు వేరువేరుగా ఉన్నాయి. కిందికి జరుపుతూ ఎవరెవరివో లెక్కపెడితే యజమానులు ఇద్దరే తేలారు. ధరల మధ్య తేడా రెండు మూడు వందలకు మించి లేదు. ఒకదాన్ని నొక్కినప్పుడు 11,800 ఉంది. పిల్ల పేరు, వయసు, ఫోన్ నంబర్ కొట్టి, అన్నయ్య దగ్గరికెళ్ళి కార్డు తెచ్చి మళ్ళీ చూసేసరికి "ధర మారింది" అని వచ్చింది. 16,400. వెనక్కి వెళ్ళి రెండోవాళ్ళది చూస్తే అదీ అక్కడికే చేరుకుంది.

ఆ రోజు తుపాను లేదు, పండగ లేదు. మామూలు మంగళవారం. అన్నయ్యకు అల్లూరు వైపు రెండు రొయ్యల గుంటలు కౌలుకున్నాయి. ఆ పంట తెల్లమచ్చ తెగులుకు పోయింది. అయినా "ఎంతైనా తియ్యిరా" అన్నాడు. తీశాను.

పిల్ల సమయానికి వచ్చింది. కారు దిగి, నాయనమ్మ దగ్గరికి వెళ్ళేముందు తండ్రి చెయ్యి పట్టుకుని అన్న మొదటి మాట: "నాన్నా, అంత డబ్బు పెట్టించాను." ఏడవాల్సిన పిల్ల క్షమాపణ చెప్పుకుంటోంది. నేను పక్కనే ఉన్నాను. ఈ వ్యాసం అప్పుడే నాలో మొదలైంది.

చివరి నిమిషంలో తీస్తే టికెట్ ఎక్కువే ఉంటుంది కదా అంటారు. నిజమే. విమానంలో చివరి సీట్లు ఎక్కువకు అమ్మడం ప్రపంచమంతటా ఉన్న పద్ధతి. ఎక్కువ ఉందని నేను తప్పుబట్టడం లేదు. ఒక దగ్గర కుదరకపోతే వెతుక్కోవడానికి మూడో మనిషి లేడు, నా బాధ అది.

మూడో మనిషి ఉన్న రోజులు

2006లో మా నాన్న మొదటిసారి విమానం ఎక్కారు. ఢిల్లీలో చిన్నాన్న గృహప్రవేశానికి. ఇదే దారి, చెన్నై నుంచి ఢిల్లీ. టికెట్ ఎయిర్ డెక్కన్‌ది. ట్రంకురోడ్డులో ఇంటర్నెట్ సెంటర్ కుర్రాడు ప్రింట్ తీసిచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నారు. ధర రెండో తరగతి ఏసీ రైలు టికెట్‌కు కొంచెం అటూ ఇటూ. విమానంలో అన్నం పెట్టరని తెలిసి అమ్మ స్టీలు డబ్బాలో పులిహోర కట్టిచ్చింది.

ఆ విమానంలో సీటు నంబర్లు ఉండేవి కావు. ముందెక్కినవాడిదే కిటికీ. కావలి బస్టాండ్‌లో కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడంలో ఆరితేరిన మనిషి మా నాన్న. మెట్లు గబగబా ఎక్కి కిటికీ సంపాదించానని వచ్చాక ఊరంతా చెప్పుకున్నారు. రిటైరైన ఎలిమెంటరీ స్కూల్ టీచరు, పెన్షన్ డబ్బుతో. ఆయన తోటివాళ్ళలో ఐదారుగురు ఆ తర్వాత రెండేళ్ళలో విమానం ఎక్కారు. పెద్దవాళ్ళకు మాత్రమే అనుకున్న తలుపు అలా తెరుచుకుంది.

కెప్టెన్ గోపీనాథ్ 2003లో మొదలుపెట్టిన ఆ కంపెనీలో లోపాలు లేకపోలేదు. విమానాలు ఆలస్యమయ్యేవి, రద్దయ్యేవి. హైదరాబాద్ నుంచి విజయవాడకు మొదటి విమానం బయల్దేరబోతుంటే ఇంజిన్‌లో మంటలు లేచాయి. మన నెల్లూరు వెంకయ్యనాయుడు గారు కూడా అందులో ఉన్నారు. అంత జరిగినా కంపెనీ నిలబడింది. ఎందుకంటే రైలెక్కే మనిషిని విమానం ఎక్కిస్తానన్న మాట అప్పటిదాకా ఈ దేశంలో ఎవరూ అనలేదు.

డెక్కన్‌ను మింగింది మంటలు కావు, విలీనం. 2007 ఒక్క ఏడాదిలోనే మూడు పెళ్ళిళ్ళు జరిగాయి. జెట్ వెళ్ళి సహారాను 1,450 కోట్లకు కొంది. ప్రభుత్వం ఎయిర్ ఇండియాను, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపేసింది. కింగ్‌ఫిషర్ డెక్కన్‌లో వాటా కొని మరుసటి ఏడాదికి కలిపేసుకుంది. అప్పట్లో విదేశాలకు ఎగరాలంటే కంపెనీకి ఐదేళ్ళ అనుభవం, 20 విమానాలు ఉండాలనే నిబంధన ఉండేది. కింగ్‌ఫిషర్‌కు ఆ అనుభవం లేదు. డెక్కన్‌కు ఆ ఐదేళ్ళు 2008 ఆగస్టులో నిండాయి, సెప్టెంబర్‌లో కింగ్‌ఫిషర్ లండన్‌కు ఎగిరింది. మా నాన్న లాంటి వాళ్ళు కూర్చున్న సీట్లు ఆ బేరంలో ఎక్కడా లెక్కకు రాలేదు. డెక్కన్ పేరు కింగ్‌ఫిషర్ రెడ్ అయింది. 2011లో చౌక సర్వీసే వద్దని దాన్నీ ఎత్తేశారు. 2012 అక్టోబర్‌కు కింగ్‌ఫిషరే నేల మీద కూర్చుంది. జెట్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. కలిపేసిన ఎయిర్ ఇండియా అప్పుల్లో మునిగి, చివరికి 2022 జనవరిలో టాటాలకు వెళ్ళింది.

అందుకే "కలిస్తే బలం" అని ఎవరైనా చెబితే నాకు 2007 గుర్తొస్తుంది. కలిసినవాళ్ళు బలపడలేదు. మధ్యలో చౌక టికెట్ పోయింది.

నాలుగు రెండైన లెక్క

టాటాలు ఎయిర్ ఇండియాను తీసుకునేసరికి వాళ్ళ చేతిలో నాలుగు పేర్లున్నాయి: ఎయిర్ ఇండియా, ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్, ఎయిర్‌ఏషియా ఇండియా, విస్తారా. 2024 అక్టోబర్‌లో ఎయిర్‌ఏషియా ఇండియా వెళ్ళి ఎక్స్‌ప్రెస్‌లో కలిసింది. నవంబర్‌లో విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసింది. కంపెనీల మధ్య పోటీని కాపాడాల్సిన కాంపిటీషన్ కమిషన్ అంతకు ముందు ఏడాదే, కంపెనీలు ఇచ్చిన కొన్ని హామీల మీద, విస్తారా విలీనానికి సరేనంది. 2023 మేలో గో ఫస్ట్ ఆగిపోయింది. స్పైస్‌జెట్ చిక్కి సగమైంది. ఇవాళ దేశంలో విమానం ఎక్కే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగోలో ఎక్కుతున్నారు. టాటాల గ్రూపును కలిపితే తొమ్మిదిమంది. 2022 ఆగస్టులో మొదలైన ఆకాశ, మిగిలిన చిన్నాచితకా అంతా కలిపి ఆ పదో మనిషి.

ఇక్కడ నాకొక అనుమానం ఉంది, దాన్ని దాచను. ఆ నాలుగు పేర్ల వెనక టాటాలే ఉన్నప్పుడు, నాలుగు రెండైతే కొత్తగా పోయిందేముంది? ఒకే ఇంట్లో అన్నదమ్ములు ధరల్లో కొట్టుకుంటారా? దీన్ని చాలాసేపు ఆలోచించాను. పోటీ పోయింది నిజానికి 2022లో, ఎయిర్ ఇండియా వాళ్ళ చేతికి వెళ్ళిన రోజునే. 2024లో జరిగింది బోర్డులు మార్చడం. కానీ 2022లో ప్రభుత్వం నెత్తిన ఉన్న అప్పుల కుప్ప వదిలిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం, నాతో సహా. దాదాపు నాలుగో వంతు మార్కెట్ ఒక చేతిలోకి వెళ్తోందని ఆ రోజు నాకు తట్టలేదు.

హైదరాబాద్‌లో ఉండే నా స్నేహితుడు కంపెనీల లెక్కలు చూసే మనిషి. అతను నాతో ఒప్పుకోడు. "విమానానికి అయ్యే ఖర్చులో దాదాపు 40 శాతం ఇంధనమే. దాని మీద ఒక్కో రాష్ట్రంలో ఒక్కో పన్ను, జీఎస్టీలో కూడా లేదు. విమానాల అద్దె డాలర్లలో. చిన్న కంపెనీ ఎట్లా బతుకుతుంది? నువ్వు పోటీ పోటీ అంటావు, ఆ పోటీలోనే అవన్నీ చచ్చాయి" అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు: "ఇన్నేళ్ళు తక్కువకు తిప్పింది ఇండిగోనే కదా. పెద్దదైంది కాబట్టే తిప్పగలిగింది."

అతని మాటలో సగం నేను కాదనలేను. ఇండిగో పెద్దదైంది ఎవరినీ మింగి కాదు. 2006 నుంచి వేళకు ఎగిరి, ఒకే రకం విమానాలతో ఖర్చు తగ్గించుకుని ఎదిగింది. గో ఫస్ట్‌ను పడగొట్టింది ఇంజిన్ల సమస్యేనని ఆ కంపెనీయే చెప్పింది. మన బెజవాడ నుంచి 2013లో లేచిన ఎయిర్ కోస్టా 2017లో ఆగిపోయింది, హైదరాబాద్ ట్రూజెట్ 2022లో. వాటినీ ఎవరూ కలుపుకోలేదు, డబ్బులు చాలక పోయాయి. ట్రూజెట్ చిన్న విమానాలు కడపకు, రాజమండ్రికి తిరిగిన రోజులు మనకు గుర్తే.

చిన్నవాడు తన తప్పుకే పడిపోయాడనుకుందాం. అప్పుడు మిగిలిన ఇద్దరి మీద కన్ను ఇంకా ఎక్కువ ఉండాలి కదా. నా స్నేహితుడు దీనికి సరిగ్గా జవాబు చెప్పలేదు.

మా ఊరి రెండు ట్రావెల్స్

కావలి నుంచి హైదరాబాద్‌కు రాత్రి బస్సులు వేసే ట్రావెల్స్ ఒకప్పుడు రెండు పోటాపోటీగా నడిచేవి. ఒకరు దుప్పటి ఇస్తే రెండోవాళ్ళు నీళ్ళ బాటిల్ కూడా ఇచ్చేవాళ్ళు. బస్సు కదలబోయే ముందు క్లీనర్ దిగి, రెండోవాళ్ళ కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషిని "అన్నా, యాభై తగ్గిస్తా రా" అని పిలిచేవాడు. ఒకాయన వ్యాపారం మానుకుంటూ బస్సులన్నీ రెండో ఆయనకు అమ్మేశాడు. పేర్లు రెండూ అలాగే ఉన్నాయి, రంగులు రెండూ అలాగే ఉన్నాయి. నెల తిరక్కుండా టికెట్ రెండొందలు పెరిగింది. దుప్పటి పోయింది.

ఆయన్ని అడిగాను, పరిచయమే కాబట్టి. "రెండు బస్సులూ సగం ఖాళీగా తిరిగేవి సార్. డీజిల్ ఎవరు పోస్తారు? ఇప్పుడు ఒకటే, నిండుగా పోతుంది" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. కొన్నవాడి బాధ కొన్నవాడిది.

కానీ ఆ రెండొందలు ఐదొందలు కాలేదు. ఎందుకు కాలేదో కావలి బస్టాండ్‌లో నిలబడితే తెలుస్తుంది. పక్కనే ఆర్టీసీ బస్సు ఉంది, దాని రేటు బోర్డు మీద ఉంది. కొంచెం దూరంలో రైల్వే స్టేషన్ ఉంది. ట్రావెల్స్ ఆయన ఒక హద్దు దాటితే జనం అటు పోతారు. ఆయనకు ఆ భయం ఉంది. ఢిల్లీ నుంచి ఒక్క రాత్రిలో రావాల్సిన పిల్లకు ఆకాశంలో ఆర్టీసీ లేదు. ఎయిర్ ఇండియా ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు కొంతవరకు ఆ పని చేసిందేమో. దాని నష్టాలు మన పన్నుల్లోంచే పోయాయి కాబట్టి మళ్ళీ ప్రభుత్వ విమానాలు కావాలని నేను అనడం లేదు. ఆ భయం పెట్టేవాడు ఇప్పుడు ఎవరూ లేరంటున్నాను, అంతే.

అమెరికాలో జడ్జి చెప్పిన తీర్పు

విలీనాన్ని ఆపితే అన్నీ చక్కబడతాయా? ఇది నన్ను బాగా ఇబ్బంది పెట్టిన ప్రశ్న. అమెరికాలో 2008 నుంచి 2013 మధ్య పెద్ద కంపెనీలు వరసగా కలిసిపోయాయి: డెల్టాలో నార్త్‌వెస్ట్, యునైటెడ్‌తో కాంటినెంటల్, సౌత్‌వెస్ట్‌లో ఎయిర్‌ట్రాన్, అమెరికన్‌తో యూఎస్ ఎయిర్‌వేస్. ఇప్పుడు అక్కడి ప్రయాణాల్లో దాదాపు 80 శాతం నాలుగు కంపెనీల చేతిలో ఉంది. ఆ తర్వాత జెట్‌బ్లూ వెళ్ళి స్పిరిట్ అనే బాగా చౌక కంపెనీని కొనబోతే ప్రభుత్వం కోర్టుకెక్కింది. చౌక టికెట్ మీద ఆధారపడేవాళ్ళు నష్టపోతారంటూ 2024 జనవరిలో జడ్జి ఆపేశాడు. నేను ఆ వార్త చదివి సంతోషించాను. అదే ఏడాది నవంబర్‌లో స్పిరిట్ దివాలా పిటిషన్ వేసింది. 2025 ఆగస్టులో రెండోసారి వేసింది.

నా స్నేహితుడు దీన్నే చూపించి, "చూశావా, ఆపి ఏం సాధించారు?" అంటాడు. నాకు అర్థమైంది ఇంకోటి. ఆపాల్సింది చివరి విలీనం దగ్గర కాదు, మొదటివాటి దగ్గర. నాలుగు పెద్దవి తయారయ్యేదాకా ఒప్పుకుంటూ పోయి, మిగిలిన చిన్నదాన్ని కాపాడతామంటే అది ఎంతకాలం నిలబడుతుంది? స్పిరిట్ బతకలేకపోవడం విలీనాలు మంచివనడానికి సాక్ష్యం కాదు. అవి చాలాదూరం పోయాయనడానికి సాక్ష్యం.

2025 డిసెంబర్ మొదటి వారం

మన దగ్గర అంత దూరం పోతే ఎలా ఉంటుందో 2025 డిసెంబర్‌లో దేశమంతా చూసింది. పైలట్లకు వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని, రాత్రి ల్యాండింగులు తగ్గించాలని కొత్త నిబంధనలు వచ్చాయి. వాటిని ప్రకటించింది 2024 జనవరిలో. చివరి విడత 2025 నవంబర్ 1న అమల్లోకి వచ్చింది. డిసెంబర్ వచ్చేసరికి ఇండిగోకు పైలట్లు చాలలేదు. డిసెంబర్ 5న ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. మిగతా కంపెనీల టికెట్లు ఆకాశానికి ఎక్కాయి.

అప్పుడు ప్రభుత్వం చేసిన రెండు పనులు నేను మర్చిపోలేను. మొదటిది, ఆ కంపెనీకి నిబంధనల నుంచి ఫిబ్రవరి దాకా సడలింపు ఇచ్చింది. పైలట్లు అలసిపోకూడదని, అంటే మన ప్రాణాల కోసం, పెట్టిన నిబంధన అది. పదిమందిలో ఆరుగురిని మోసే కంపెనీ ఆగితే దేశం ఆగుతుంది కాబట్టి నిబంధనే వంగింది. నలుగురు సమానంగా ఉన్న చోట ఒకడు తప్పు చేస్తే వాడికి శిక్ష పడేది, మిగతా ముగ్గురు మనల్ని మోసేవాళ్ళు.

రెండోది, టికెట్లకు పరిమితి పెట్టింది. 500 కిలోమీటర్ల లోపు 7,500, వెయ్యి లోపు 12,000, 1,500 లోపు 15,000, ఆపైన 18,000. అది అత్యవసర పరిస్థితిలో పెట్టిన గరిష్ఠ ధర. ఢిల్లీ–చెన్నై దూరం ఆ చివరి మెట్టులోకి వస్తుంది. మా అన్నయ్య కూతురి టికెట్, మామూలు మంగళవారం నాడు, 16,400. అత్యవసర పరిస్థితికీ మామూలు రోజుకూ మధ్య తేడా 1,600 రూపాయలు.

కువైట్ పెట్టె

పెద్దకర్మకు వింజమూరు నుంచి మా దూరపు చుట్టం ఒకావిడ వచ్చింది. కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది, రెండేళ్ళకోసారి వస్తుంది. ఆమె పెట్టెకు అడ్డంగా నిలువుగా పసుపు తాడు, మీద నల్ల మార్కర్‌తో పేరు, ఊరు, కొడుకు ఫోన్ నంబర్. తిరుగు టికెట్ ఎంతకు తీశావు అక్కా అని అడిగితే, చెన్నై నుంచి కువైట్‌కు ఆమె చెప్పిన ధర, మా పిల్ల ఢిల్లీ నుంచి చెన్నైకి పెట్టినదానికన్నా తక్కువ. సముద్రం దాటే టికెట్!

ఆమె నెల ముందు తీసింది, మేము పది గంటల ముందు తీశాం. ఆ తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఆమె కొడుకు చెప్పినదాంట్లో ఇంకో సంగతి ఉంది. "నాలుగైదు చూస్తాం మామా. మన ఎక్స్‌ప్రెస్ ఉంటది, కువైట్ వాళ్ళవే రెండు, దుబాయ్ మీదుగా పోయేవి, కొలంబో మీదుగా పోయేవి. ఒకడు పెంచితే ఇంకోడి దాంట్లో." వేలు మడుస్తూ లెక్కపెట్టాడు. ఢిల్లీ టికెట్ చూసేటప్పుడు నా చేతికి రెండు వేళ్ళే సరిపోయాయి.

దగదర్తికి మళ్ళీ వస్తే

కర్నూలు దగ్గర ఓర్వకల్లు విమానాశ్రయంలో 2021 మార్చిలో సర్వీసులు మొదలైతే, వచ్చింది ఇండిగో ఒక్కటే. ట్రూజెట్ పోయాక కడపకూ అదే వచ్చింది. రావడం మంచిదే, రాకపోతే అవీ లేవు. ఒక్కడే ఉన్న చోట వాడు ఏ రోజు ఎగిరితే ఆ రోజే మనకు విమానం, ఏ ధర చెబితే అదే ధర. రేపు దగదర్తిలో కూడా అంతే జరగొచ్చు. అప్పుడు మనం అరగంటలో ఎయిర్‌పోర్ట్ చేరుకుని, అక్కడ టికెట్ చూసి, తిరిగి చెన్నై కారు మాట్లాడుకుంటాం.

నాకు తోచిన మార్గాలు పెద్దవేం కావు. విలీనం ఒప్పుకునేటప్పుడు, రద్దీ విమానాశ్రయాల్లో పొద్దునా సాయంత్రం మంచి వేళల స్లాట్లు, అంటే విమానం దిగడానికి, ఎగరడానికి ఇచ్చే సమయాలు, కొన్ని వెనక్కి తీసుకుని కొత్తవాళ్ళకు ఇవ్వాలి. యూరప్‌లో ఇది మామూలుగా చేసే పనే. విమాన ఇంధనాన్ని జీఎస్టీలోకి తేవాలి, చిన్నవాడికి ఊపిరాడుతుంది. దగదర్తి లాంటి కొత్త చోట రాయితీలు ఇచ్చేటప్పుడు, అప్పటికే సగం దేశాన్ని మోస్తున్నవాడికన్నా మూడోవాడికి ముందు చోటివ్వాలి. మూడోవాడు అసలు రాకపోతే? ఇదే నాకు జవాబు దొరకని చోటు. ఎయిర్ కోస్టా గతి చూశాక ఎవరైనా ధైర్యంగా వస్తారా అన్నది నాకూ భయమే.

"అయితే దగదర్తి వద్దంటావా?" అన్నాడు బావ ఆ రోజు చివర్లో. వద్దని ఎందుకంటాను బావా, అన్నాను. మా నాన్న ఉంటే కట్టకముందే వెళ్ళి గోడ పక్కన నిలబడి చూసొచ్చేవారు. మన ఎమ్మెల్యేను, ఎంపీని కలిసినప్పుడు "ఎప్పుడు?" అని అడుగుతున్నాం కదా, "ఎంతమంది?" అని కూడా అడగమంటున్నాను.

పిల్ల రేపు తెల్లవారి తిరిగి ఢిల్లీ వెళ్తుంది. ఈసారి పది రోజుల ముందే తీశాం, 7,900 పడింది. కారు రాత్రి పదకొండింటికి రమ్మన్నాను. వదిన స్టీలు డబ్బాలో పులిహోర కడుతోంది.